నది దాటితే పరదేశం

మద్రాసులో కళ్ళ డాక్టరు మా అమ్మ కళ్ళలోకి చిన్న దీపం పెట్టి చాలాసేపు చూసి, మా నాయనను పక్క గదిలోకి పిలిచాడట. ఆ గదిలో ఏం చెప్పాడో నాయన మూడు రోజులపాటు ఎవరికీ చెప్పలేదు. కర్నూలుకు తిరిగి వచ్చాక ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర, అన్నంలో మజ్జిగ పోసుకుంటూ, కోర్టులో వాయిదా పడిందని చెప్పినట్టు చెప్పేశాడు. ఇది శుక్లం కాదు, కోసి తీసేయడానికి లేదు. కంటి వెనక నరం ఎండిపోతోంది. చూపు అంచుల నుంచి చీకటి కమ్ముకుంటూ వస్తుంది. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. అమ్మ వింటూనే నాయన విస్తట్లో ఊరగాయ వేసింది. ముద్ద దిగకుండా కూర్చుంది నేను ఒక్కదాన్నే.

అప్పటికే అమ్మ గడపలకు కొట్టుకుంటోంది. చెంబు పెట్టిన చోటు పక్కన తడుముతోంది. "కండ్లు నెత్తికెక్కినాయా?" అని మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, కసురుతూ ఉండేది. ఆ మధ్యాహ్నం తర్వాత కసరడం మానేసింది. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

నాయన జిల్లా కోర్టులో ప్లీడరు. ఏడవడం చేతకాని మనిషి. బాధ వస్తే ఏదో ఒక పని నెత్తిన పెట్టుకుని దాని అంతు చూసేదాకా నిద్రపోడు. ఆ వారంలోనే ఎక్కడి నుంచో పెద్ద అట్లాసు పుస్తకం, ఓడల కంపెనీ వాళ్ళ టైంటేబిల్ పట్టుకొచ్చాడు. వాటిని వసారాలో బల్ల మీద పరిచి నన్ను పిలిచి, "దసరాకు కోర్టు మూస్తారు పాపా. సముద్రం దాటి పరదేశం పోదాం. చూపుండంగనే మీ అమ్మకు లోకం చూపిస్తా" అన్నాడు. అంటూనే టైంటేబిల్ తిరగేయడం మొదలుపెట్టాడు. ఇందులో ఆయన పంతం కూడా లేకపోలేదు. పోయిన దసరాకు ఇంకో ప్లీడరు కొలంబో వెళ్ళొచ్చి, కోర్టు వరండాలో ఏడాది పొడుగునా ఆ సంగతే చెప్పుకుంటున్నాడు. కానీ ముఖ్యం అమ్మ కళ్ళే. అది నేను ఎవరి ముందైనా చెబుతాను.

చిక్కు ఎక్కడంటే, అమ్మకు లోకం అక్కర్లేదు. చూపు పోయేలోగా ఆమె చూడాలనుకున్నది ఒక్క మొహం. రంగూన్‌లో ఉన్న తమ్ముడి మొహం.

తల్లి చచ్చిపోతే ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది అమ్మే. పద్దెనిమిదేళ్ళప్పుడు బియ్యం మిల్లులో గుమాస్తా పనికని రంగూన్ పోయినవాడు, ఏడాది తిరక్కుండానే అక్కడ ఒక బర్మా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆ కబురు తెలిసిన రోజు మా జేజి, "ఆ పేరు ఈ ఇంట్లో ఇనపడగూడదు" అంది. అంతే, ఎనిమిదేళ్ళుగా వినపడలేదు. నాయన కోపంగా ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. ఇంట్లో మాట వద్దన్నాక ఆయన కోర్టులో కేసు కొట్టేసినట్టు ఆ విషయాన్ని కొట్టేశాడు.

మామ ఉత్తరాలు మాత్రం వస్తూనే ఉండేవి. మాకు కాదు, మా వెనకింటి బీబీకి. మా పెరటి గోడలో ఒక చిన్న తలుపు ఉండేది. ఎండ తిరిగి జేజి కునుకు తీసే వేళకు అమ్మ నన్ను తీసుకుని ఆ తలుపు గుండా బీబీ వాళ్ళింట్లోకి పోయేది. అమ్మకు చదువు రాదు. బీబీకి తెలుగు అక్షరాలు రావు. అందుకని చదవడం నా వంతు. నాకప్పుడు పదమూడేళ్ళు. మామను నేను చూసింది అయిదేళ్ళప్పుడు, మొహం గుర్తులేదు. కానీ ఆయన 'అక్కా' అని రాసేటప్పుడు ఆ ఒత్తు ఎంత పెద్దగా పెడతాడో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

నాయన అట్లాసు తెరిచిన మర్నాడు అమ్మను వసారాలోకి పిలిచాడు. జేజి గోడకు ఆనుకుని చేటలో కందులు ఏరుతోంది.

"ఇదో, ఇది రంగూను. మూడు దినాలు ఓడలో పోవల్ల. మొన్న మొన్నటి దాకా బర్మా మన దేశంలో కలిసే ఉండె, ఇప్పుడు వేరు చేసినారు. అంటే చట్టప్రకారం పరదేశమే. ఇదో, ఇది కొలంబో. రైలు దిగితే రెండు గంటల ఓడ, మళ్ళా రైలు, అంతే. ఏమే, యాడికి పోదాం? నువ్వు యాడికంటే ఆడికే."

అమ్మ పటం మీదకు వంగింది. ఆమెకు ఆ పటంలో ఏది నేల, ఏది నీళ్ళు అన్నది కూడా తెలియదు. నాయన వేలు పెట్టిన చోటును మాత్రం చూస్తూ నిలబడింది. తర్వాత "మీ ఇష్టం" అని లోపలికి వెళ్ళిపోయింది. నాయన మంచి భార్య దొరికిన మనిషిలా సంతోషపడ్డాడు.

ఎందుకు చెప్పలేదో ఈ కాలం వాళ్ళకు అర్థం కాదు. మా వైపు ఒక పద్ధతి ఉండేది. పెళ్ళయిన ఆడది పుట్టింటికి పోతానని తానుగా అడగదు. పుట్టింటి వాళ్ళు మనిషిని పంపాలి, లేదా అల్లుడికి ఉత్తరం రాయాలి. "మా బిడ్డను పంపించండి" అనాలి. పిలవకుండా పోతే తలవంపులు. పోతానని నోరు తెరిచి అడిగితే, అందులోనూ అత్త ఎదురుగా అడిగితే, ఇక ఆ కోడలు బతికినన్నాళ్ళూ దెప్పిపొడుపే. అమ్మకు పుట్టింటి వైపు మిగిలింది ఆ తమ్ముడొక్కడే. అతడు పిలవాలి. అతడు పిలవాలంటే పేరే పలకకూడదన్న ఇంటికి ఉత్తరం రాయాలి.

ఆ మధ్యాహ్నం బీబీ ఇంట్లో అమ్మ చెబుతుంటే నేను రాశాను. అమ్మ ఎక్కువ చెప్పలేదు. "నా కండ్లు పోతాండాయప్పా. మీ బావ దసరాకు పరదేశం తీసకపోతానంటాండాడు. నువ్వు మీ బావకు ఒక్క జాబు రాయి, అక్కను పిల్చకరమ్మని. నువ్వు పిలిస్తేనే నేను రావల్ల." కళ్ళ సంగతి రాసేటప్పుడు నా చేయి ఆగింది. "రాయి మే, వానికి తెలియల్ల గదా" అంది అమ్మ. బీబీ పక్కనే కూర్చుని తమలపాకులకు సున్నం రాస్తూ, "ఆయనకి నువ్వే చెప్పరాదా అక్కా? మొగుడే గదా, పులి కాదు గదా" అంది. అమ్మ నవ్వింది. బీబీ తమలపాకు మడిచి నా చేతిలో పెట్టింది.

జాబు పోయి జవాబు రావడానికి మూడు వారాలు పట్టేది. ఈలోగా మా వసారా ఒక సర్కారు కచేరీ అయిపోయింది. కర్నూలులో పరదేశం పోయిన వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది లేరు కానీ, సలహా చెప్పడానికి రాని మనిషి లేడు. నాయన గుమాస్తా కొలంబోలో అన్నంలో కొబ్బరి తప్ప ఇంకేమీ ఉండదన్నాడు. రిజిస్ట్రారు ఆఫీసు ఆయన పినాంగు పొమ్మన్నాడు, అది ఎక్కడుందో పటంలో చూపించమంటే మాత్రం కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయానన్నాడు. ఒకాయన ఓడలో వాంతులకు నిమ్మకాయలు ఎన్ని తీసుకెళ్ళాలో చెప్పాడు. అందరికీ కాఫీలు అమ్మే పెట్టేది. అంచులు కనపడక ఒకసారి గ్లాసు బల్ల బయట పెట్టింది. కాఫీ అట్లాసు మీద పడి బంగాళాఖాతం అంతా గోధుమరంగుకు తిరిగింది. నాయన తన పైపంచెతో తుడిచాడు.

అప్పుడే పేపర్లో వచ్చింది, రంగూన్‌లో మనవాళ్ళ మీద గొడవలని, అంగళ్ళు తగలబెట్టారని. నాయన ఆ వార్త పైకి చదివాడు. వంటింట్లో అమ్మ చేతి నుంచి ఏదీ పడలేదు, ఏ చప్పుడూ రాలేదు. ఆ తర్వాత పదిహేను రోజులు అమ్మ వంటా, కాఫీలూ మామూలుగానే చేసింది. రోజూ ఎండ తిరగగానే పెరటి తలుపు దగ్గరికి పోయేది. బీబీ అవతలి నుంచే "ఇంకా రాలా" అని తల ఊపేది.

చివరికి జాబు వచ్చింది. మామ బాగానే ఉన్నాడు. గొడవలు సద్దుమణిగాయి, వాళ్ళ వీధిలో ఏమీ కాలేదు, అంగళ్ళు తెరిచారు, ఓడలు మామూలుగా తిరుగుతున్నాయి, దసరా నాటికి భయమేమీ ఉండదు. అక్క కళ్ళ సంగతి చదివి రెండు రోజులు అన్నం తినలేదు. కానీ బావకు మాత్రం రాయలేదు. 'బావకు రాసే మొహం నాకు లేదక్కా. నేను రాస్తే ఆ కోపం నీ మీద పడుతుంది. బావ తనుగా నిన్ను తీసుకొస్తే ఓడ రేవులోనే కాళ్ళు పట్టుకుంటా.' నేను ఆ మాటలు రెండుసార్లు చదివాను. అమ్మ మూడోసారి చదవమనలేదు. జాబు తీసుకుని కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకుని, తలకిందులుగా పట్టుకున్న సంగతి కూడా తెలియకుండా చూసింది. నాకు మామ మీద పట్టరాని కోపం వచ్చింది. అక్క కోసం ఒక్క కార్డు ముక్క రాయలేని మనిషి ఓడ రేవులో కాళ్ళు పట్టుకుంటాడట.

ఆ మర్నాడే నాయన నన్ను వసారాలోకి పిలిచాడు. జేజి ఊళ్ళో ఎవరినో పలకరించడానికి పోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఇంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదని నాకు తెలుసు.

"పాపా, మీ అమ్మను అడిగితే మీ ఇష్టం అంటాది. నువ్వు చెప్పు. నాకు రంగూనే చూపియ్యల్లని ఉండాది. పెద్ద ఊరంట, బంగారు గోపురాలంట. కానీ గొడవలంటాండారు. రంగూన్ మాట వదిలేద్దామా?"

గొడవలు లేవు నాయనా, సద్దుమణిగాయి, నిన్ననే జాబు వచ్చింది. అది నాలుక చివర ఉంది. ఆ మాట అంటే నీకెట్లా తెలుసునంటాడు. చెబితే బీబీ ఇల్లు, పెరటి తలుపు, ఎనిమిదేళ్ళ ఉత్తరాలు అన్నీ బయటపడతాయి. జేజి వచ్చాక ఆ ఇంట్లో ఏమవుతుంది? నేను గుమ్మం వైపు చూశాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. చాలా చిన్నగా, ఒక్కసారి. నాయన అట్లాసు వైపే చూస్తున్నాడు కాబట్టి ఆయనకు కనపడలేదు.

"మీ ఇష్టం నాయనా" అన్నాను.

ఆ రోజు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. ఇప్పుడు డెబ్బయ్యేళ్ళు దాటాక కూడా, చిన్నపిల్లను కదా అని ఎవరైనా అంటే నాకు ఊరట కలగదు. పదమూడేళ్ళ పిల్లకు నోరు ఉంటుంది.

రంగూన్ పక్కన నాయన పెన్సిలుతో అడ్డగీత గీశాడు. ఇక కొలంబో. ఓడ టిక్కెట్లకు రాయబోతుండగా జేజి అడ్డం తిరిగింది. "సముద్రం దాటినోళ్ళకు ఇంటి దేవుడు తోడు రాడప్పా" అంది. నాయన వాదించాడు, అది సముద్రమే కాదు, రెండు గంటల నీళ్ళు అన్నాడు. "రెండు గంటలైతే మాత్రం? మునగనీకె అంతసేపు కావల్నా? కండ్లు సరిగ్గా లేని మనిషిని ఓడెక్కిచ్చి ఏం చూపిస్తావు?" అంది. ఆమె రెండు పూటలు అన్నం మాని గోడ వైపు తిరిగి పడుకుంది. నిజం చెప్పాలంటే జేజి చెడ్డ మనిషి కాదు. అమ్మ చేయి పట్టుకుని మెట్లు దింపేది ఆ రోజుల్లో ఆమే. భయం ఆమెది. కాకపోతే ఆమె భయానికి ఇంట్లో విలువ ఉండేది, అమ్మ కోరికకు లేదు.

మూడో పూటకు నాయన ఓడిపోయాడు. అయితే ప్లీడరు ఓడిపోయినా అప్పీలు పెట్టుకోకుండా ఉండడు. పటాన్ని తిరగేసి తిరగేసి, సాయంత్రానికి ఒక దారి కనిపెట్టాడు. "నిజాం రాజ్యం పరదేశం గాదా? వేరే రాజు, వేరే నాణెం, వేరే స్టాంపులు. సరిహద్దులో మూటలు ఇప్పి సుంకం వసూలు చేస్తారు. ఇంతకన్నా పరదేశం ఏం గావల్ల?" తుంగభద్ర అవతలి ఒడ్డు నుంచే నిజాం రాజ్యం. మా మిద్దె ఎక్కితే ఆ ఒడ్డు చెట్లు కనపడేవి. నాయన ఈ మాట అన్నప్పుడు ఆయన మొహంలో నిజమైన గెలుపు ఉంది. నవ్వు రావాల్సిన విషయమే. నాకు మాత్రం రాలేదు.

మొదట హైదరాబాదు అనుకున్నారు. అంత దూరం రైల్లో ఎందుకు, దసరాకు ఆలంపురంలో అమ్మవారిని చూస్తే పుణ్యమైనా వస్తుందని జేజి అంది. అట్లా రంగూన్ కొలంబో అయింది, కొలంబో హైదరాబాదు అయింది, హైదరాబాదు ఆలంపురం అయింది. మా పరదేశ యాత్రకు మేం వంతెన దాటి, దగ్గరి స్టేషనులోనే దిగాం.

నాయన మాత్రం యాత్రను యాత్రలాగే చేశాడు. పరుపు చుట్టిన హోల్డాలు, కూజా, ఇంటి నిండా తాళాలు. అవతలి ఒడ్డున దిగగానే నిజాం సర్కారు జవాన్లు మా మూటలు విప్పించి, జేజి కట్టిన సద్ది, విభూది పొట్లం, అమ్మ చీరలు అన్నీ ఎత్తి చూసి మళ్ళీ పెట్టేశారు. నాయన ఎంతో తృప్తిగా నిలబడి చూశాడు. అంతకు ముందు, రైలు వంతెన మీదకు వచ్చినప్పుడు అమ్మను కిటికీ పక్కకు జరిపాడు. అప్పుడు నది నిండుగా, ఎర్రగా పోతోంది. "చూడు, చూడు" అన్నాడు. అమ్మ తల అటూ ఇటూ తిప్పుతూ, మిగిలిన ఆ కాస్త చూపుతోనే ముక్కలు ముక్కలుగా నదిని చూసింది. "సముద్రం ఇంతకన్నా పెద్దగుంటాదా?" అని అడిగింది. "కొంచెం పెద్దగుంటాది" అన్నాడు నాయన. నేను మొహం తిప్పుకున్నాను.

ఆలంపురంలో మూడు రోజులున్నాం. నాయన ఒక్కొక్క గుడిలో, ఒక్కొక్క స్తంభం దగ్గర అమ్మను నిలబెట్టి, ఇది ఏనుగు, ఇది హంస, ఇది గంధర్వుడు అని వేలితో చూపించేవాడు. అమ్మ ఆయన చూపించిన ప్రతిదాన్నీ శ్రద్ధగా చూసింది. ఒక్కటీ వదల్లేదు. "బాగుండాది" అంది ప్రతి దాని దగ్గరా. ఇంటికి తిరిగి వచ్చాక నాయన కోర్టు వరండాలో అందరికీ చెప్పాడట, మా ఇంట్లో ఆమె శానా సంతోషపడిందని. అది నిజమని ఆయన చివరిదాకా నమ్మి ఉంటే బాగుండేది.

డాక్టరు చెప్పిన గడువు కన్నా ముందే, మరుసటి ఉగాది దాటిన కొద్ది రోజులకు, అమ్మకు పూర్తిగా చీకటైపోయింది. తర్వాత యుద్ధం వచ్చింది. నాకు పెళ్ళయింది. జేజి పోయింది. జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారని పేపర్లో వచ్చాక మామ ఉత్తరాలు ఆగిపోయాయి.

ఆ ఎండాకాలం నేను పురిటికని పుట్టింటికి వచ్చి ఉన్నాను. ఒక పొద్దున బీబీ పెరటి తలుపు తోసుకుని వచ్చింది. ఆమె వెనక ఒక ముసలివాడు. అడవుల గుండా, కొండల గుండా నెలల తరబడి నడిచి వచ్చాడు. భార్య దారిలోనే జ్వరంతో పోయింది. అతడికి అప్పుడు ముప్పయ్యేళ్ళు. పళ్ళు కొన్ని లేవు, చెంపలు లోపలికి పోయాయి, జుట్టు సగం నెరిసింది. "అక్కా" అన్నాడు. గొంతును బట్టి అమ్మ లేచింది.

నాయన వసారాలోంచి వచ్చి ఎవరో తెలియక నిలబడ్డాడు. అమ్మ రెండు చేతులూ చాపి మామ మొహం పట్టుకుంది. నుదురు, కనుబొమ్మలు, ముక్కు, చెంపలు తడిమింది. మళ్ళీ మొదటి నుంచి తడిమింది. ఆమెకు తెలిసింది పద్దెనిమిదేళ్ళ కుర్రాడి మొహం.

"యాడుండావప్పా?" అంది ఏడుస్తూ. "అంతా ఎముకలే తగుల్తాండాయి. నాకు తెలిసిన మొహం దీంట్లో యాడుండాది?"

అప్పటికి నాయనకు అర్థమైంది. మామను కసరలేదు, పొమ్మనలేదు. మెల్లగా పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయనే మామ కాళ్ళ మీద పోశాడు. తర్వాత అమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఒక్క మాట చెప్పింటే తీసకపోయింటి గదే" అన్నాడు. "నేను రంగూనే అంటి గదా. నాకేం కోపముండె ఈని మీద?"

ఆయన నా వైపు తిరిగాడు.

"నీకు తెల్సునా పాపా?"

"తెల్సు నాయనా" అన్నాను.

అమ్మ చేతులు మామ మొహం మీద ఇంకా వెతుకుతూనే ఉన్నాయి.